కపాల నాడిని రక్తనాళం నొక్కుతుంటే: ఆపరేషన్ నిర్ణయం నుంచి కోలుకునే దాకా, బెంగళూరు వచ్చే తెలుగు కుటుంబాలకు ఒక మార్గదర్శిని

అనంతపురం, హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి నరాల జబ్బుతో బెంగళూరు వచ్చే కుటుంబాల చేతిలో చాలాసార్లు ఒక ఎంఆర్ఐ రిపోర్టు ఉంటుంది. ఫలానా నరానికి ఫలానా రక్తనాళం ఆనుకుని ఉందని అందులో ఒక వాక్యం ఉంటుంది. అది చదివిన దగ్గర్నుంచి ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: మెదడు ఆపరేషన్ చేయించాలా, వద్దా? దీనికి జవాబు ఆ ఒక్క వాక్యంలో దొరకదు. రోగికి ఉన్న లక్షణం ఏమిటి, అది ఏ నరానికి సంబంధించినది, ఆ నరాన్ని ఏ చోట ఏ నాళం నొక్కుతోంది అన్న మూడు విషయాలూ ఒకదానితో ఒకటి కుదిరినప్పుడే, నొక్కుతున్న నాళాన్ని నరం నుంచి పక్కకు జరిపే మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్ అనే ఆపరేషన్ మాట ఎత్తాలి. ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతులకు స్కాన్ తీసినా, చాలామందిలో ఏదో ఒక నరానికి ఏదో ఒక నాళం తగులుతూ కనిపిస్తుంది. అందుకే ఇంత జాగ్రత్త.

మెదడు నుంచి నేరుగా బయలుదేరే పన్నెండు జతల నరాలను కపాల నాడులంటారు. రక్తనాళం ఒత్తిడి వాటిని రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. మొదటి రకంలో నరం రేగిపోతుంది: అయిదో నరమైతే ముఖంలో కరెంటు కొట్టినట్టు నొప్పి వస్తుంది, ఏడో నరమైతే ముఖం ఒక పక్క అదురుతుంది, తొమ్మిదో నరమైతే మింగినప్పుడు గొంతులోనూ చెవిలోనూ పోటు పెడుతుంది. రెండో రకంలో నరం బలహీనపడి దాని పని ఆగిపోతుంది. దీన్నే పాల్సీ అంటారు. కంటిని కదిలించే మూడో, ఆరో నరాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. రెప్ప వాలిపోతుంది, కన్ను ఒక వైపుకు తిరగదు, ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది. ఈ రెండు రకాలకూ చికిత్స వేరు, తొందర వేరు.

ఒక్క రోజు కూడా ఆగకూడని సందర్భం

ముందుగా దీని గురించే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. ఒక కంటి రెప్ప ఉన్నట్టుండి వాలిపోయి, ఆ కంటిపాప రెండో కంటి పాపకన్నా పెద్దదై, టార్చి వెలుగు వేసినా చిన్నది కాకపోతే, తోడుగా తలనొప్పి గానీ కంటి వెనక నొప్పి గానీ ఉంటే, అది మూడో నరం మీద ఒత్తిడికి గుర్తు కావచ్చు. మెదడులోని పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని మొదట్లో ఉబ్బిన బుడగ, అంటే అన్యూరిజం, ఆ నరాన్ని నొక్కుతుండవచ్చు. కంటిపాపను చిన్నది చేసే తంతువులు మూడో నరం పైపొరలో ఉంటాయి కనుక బయటి నుంచి పడే ఒత్తిడికి అవే ముందు దెబ్బ తింటాయి. ఆ బుడగ పగిలితే మెదడు చుట్టూ రక్తం చేరుతుంది, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోవచ్చు.

కాబట్టి అద్దాల షాపుకో, ఊళ్ళోని కంటి క్లినిక్‌కో వెళ్ళి చుక్కల మందు తెచ్చుకుని రెండు రోజులు చూద్దామనుకోవడం ఇక్కడ పనికిరాదు. దగ్గర్లో మెదడు రక్తనాళాలను చూపే స్కాన్, అంటే సీటీ యాంజియోగ్రామ్, తీయగల ఆసుపత్రికి ఆ రోజే వెళ్ళాలి. బుడగ ఉందని తేలితే, న్యూరోసర్జన్, రక్తనాళాల గుండా గొట్టం పంపి చికిత్స చేసే ఇంటర్వెన్షన్ రేడియాలజిస్ట్ ఇద్దరూ ఉన్న చోటికి అంబులెన్సులో తరలించాలి. బెంగళూరులో హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అత్యవసర విభాగం ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఈ బుడగకు చికిత్స రెండు విధాలు. కపాలం తెరిచి బుడగ మెడకు లోహపు క్లిప్పు పెట్టడం ఒకటి, తొడ లేదా మణికట్టు ధమని గుండా సన్నని గొట్టం పంపి బుడగలో కాయిల్ నింపడం రెండోది. బుడగ ఆకారం, చోటు, రోగి వయసు చూసి వైద్యులు నిర్ణయిస్తారు. నరం పనిచేయడం మానేసి ఎంత కాలమైందన్న దాన్ని బట్టి కోలుకోవడం ఉంటుంది. తొందరగా చికిత్స అందినవారిలో రెప్ప ముందుగా లేస్తుంది, కన్ను కదలడానికి నెలలు పడుతుంది, పాప మాత్రం కొందరిలో పెద్దదిగానే మిగిలిపోతుంది.

ఆగి చూడదగిన సందర్భాలు

చాలా ఏళ్ళుగా షుగరో, బీపీయో ఉన్నవారికి రెప్ప వాలి, కంటిపాప మాత్రం మామూలుగానే ఉంటే, లేదా ఒక కన్ను బయటి వైపుకు తిరగక వస్తువులు రెండుగా కనిపిస్తుంటే, దానికి తరచుగా కారణం నరానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోవడమే. దీన్ని మైక్రోవాస్కులర్ పాల్సీ అంటారు. మనం మాట్లాడుకుంటున్న ఆపరేషన్ పేరు మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్. పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన జబ్బు ఒకటి కాదు. షుగర్ వల్ల వచ్చిన పాల్సీకి ఆపరేషన్ లేదు, అవసరమూ లేదు. షుగర్, బీపీ అదుపులో పెట్టుకుంటే ఎక్కువమందిలో సుమారు మూడు నెలల్లో అదే తగ్గుతుంది. అయితే కంటిపాప బాగుందని ఇంట్లోవాళ్ళు తేల్చుకుంటే సరిపోదు, మొదటి రోజుల్లో బాగున్న పాప తర్వాత పెద్దదయ్యే అవకాశం ఉంది కనుక ఆ పరీక్ష వైద్యుడు మళ్ళీ మళ్ళీ చేయాలి.

మూడు నెలలైనా తగ్గని ఆరో నరం పాల్సీలో కారణాన్ని లోతుగా వెతకాలి. తలలో ఒత్తిడి పెరిగిందా, గడ్డ ఉందా, ఇన్ఫెక్షన్ ఉందా అన్నవి ముందు చూడాలి. అవన్నీ కాదని తేలాక, మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం ముందు నుంచి వెళ్ళే బేసిలార్ ధమని లావెక్కి, పొడుగై, మెలిక తిరిగి ఆ నరాన్ని ఒత్తుతోందేమో చూడాలి. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువగా ఉన్న పెద్దవయసు వారిలో ఇలాంటి ధమనులు కనిపిస్తాయి. ఆ ధమనిని నరం నుంచి జరిపి, మధ్యలో మెత్త పెట్టడమో, ధమనిని పక్కకు లాగి పట్టీతో దగ్గరి పొరకు కుట్టి ఆపడమో చేస్తారు. బేసిలార్ ధమని నుంచే మెదడు కాండానికి సన్నని కొమ్మలు వెళతాయి, జరిపేటప్పుడు వాటిలో ఒకటి మెలిపడినా పక్షవాతం రావచ్చు. అందుకే కన్ను తిరగకపోవడం ఒక్కటే సమస్య అయితే, ముందు ప్రిజం అద్దాలు, ఒక కంటికి గంత, ఆ పైన మెల్లకన్ను ఆపరేషన్ లాంటి తేలిక మార్గాలు చూడమని అనుభవజ్ఞులైన సర్జన్లు చెబుతారు. నా ఉద్దేశంలోనూ అదే సరైన క్రమం.

ముఖం అదిరినా, ముఖంలో పోటు వచ్చినా

పాల్సీ కన్నా ఎక్కువమందికి ఈ ఆపరేషన్ చేసేది ఈ రెండు జబ్బులకే. ముఖం ఒక పక్క అదరడాన్ని మన వైపు మూతి వంకర జబ్బుతో కలిపేసి, పసరు వైద్యానికి తీసుకెళ్ళేవారు ఇప్పటికీ ఉన్నారు. మూతి వంకరలో, అంటే బెల్స్ పాల్సీలో, ముఖం ఒక పక్క జారిపోతుంది, కన్ను మూసుకోదు. ముఖం ఒక పక్క అదిరే హెమిఫేషియల్ స్పాజంలో దానికి ఎదురు: కన్ను దానంతట అదే మూసుకుపోతుంది, మూతి ఆ పక్కకే లాగుతుంది. న్యూరాలజీ ఓపీలో ఒక అవ్వను పరీక్షించడం నేను దగ్గర నుంచి చూశాను. "అవ్వా, కండ్లు గట్టిగా మూసుకుని తెరువు" అన్నారు డాక్టరు. ఆమె తెరిచింది. కొద్ది క్షణాలకు ఎడమ కన్ను కింద సన్నగా అదురు మొదలై చెంప మీదుగా పెదవి మూలకు పాకింది. కన్ను ముడుచుకుపోయింది, అదే క్షణంలో అదే పక్క కనుబొమ పైకి లేచింది. కన్ను మూసుకుంటూ అదే పక్క కనుబొమను పైకెత్తడం కావాలని ఎవరూ చేయలేరు, ఈ జబ్బును గుర్తుపట్టడానికి అది మంచి ఆనవాలు. డాక్టరు గదిలో అదురు రాకపోవచ్చు కాబట్టి ఇంట్లో వచ్చినప్పుడే ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి.

అయిదో నరం నొప్పి విషయంలో జరిగే పొరపాటు పళ్ళ దగ్గర మొదలవుతుంది. పళ్ళు తోముకున్నా, మొహం కడుక్కున్నా, ముద్ద నమిలినా, చల్లగాలి తగిలినా క్షణాల పాటు మెరుపులా వచ్చి పోయే నొప్పిని పంటి నొప్పి అనుకుని, బాగున్న పళ్ళను ఒకటి తర్వాత ఒకటి పీకించుకున్నవారు ఎందరో. ఈ నొప్పికి మొదటి మందు కార్బమజెపిన్. ఇది మొదలుపెట్టే ముందు హెచ్ఎల్ఏ-బి 1502 అనే జన్యు పరీక్ష అవసరమా అని అడగండి. ఆసియా ప్రజల్లో కొందరికి ఈ జన్యువు వల్ల ఒళ్ళంతా చర్మం ఊడిపోయే ప్రమాదకరమైన రియాక్షన్ వస్తుంది. మందు మొదలుపెట్టాక దద్దుర్లు వచ్చినా, నోటిలో పుండ్లు వచ్చినా వెంటనే వైద్యుడికి చెప్పాలి. రక్తంలో సోడియం ఎంత ఉందో కూడా మధ్యమధ్యలో చూపించుకోవాలి. మందు పనిచేయకపోతేనో, మోతాదు పెంచేకొద్దీ మత్తు, తూలు భరించలేనంత అయితేనో ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ముఖం అదురుకు మూడు నాలుగు నెలలకోసారి బొటాక్స్ సూదులు వేస్తారు. అవి అదురును ఆపుతాయే గానీ కారణాన్ని తీయలేవు. అయినా వయసు మీద పడి, గుండె జబ్బు కూడా ఉన్నవారికి అదే మేలైన దారి.

స్కాన్ ఎలా తీయించాలి

మామూలు మెదడు ఎంఆర్ఐ దీనికి చాలదు. నరాలను, వాటి పక్కనున్న నాళాలను సన్నని ముక్కలుగా చూపే సిస్ లేదా ఫియెస్టా అనే పద్ధతిలో, వీలైతే అయస్కాంత శక్తి ఎక్కువగా ఉండే మూడు టెస్లా యంత్రం మీద, రక్తనాళాలను చూపే ఎంఆర్ యాంజియోతో కలిపి తీయించాలి. చీటీ మీద ఆ మాటలు రాసి ఇమ్మని వైద్యుణ్ణి ముందే అడగాలి, లేకపోతే స్కాన్ సెంటర్‌లో మామూలు పద్ధతిలోనే తీసి పంపుతారు, డబ్బు రెండోసారి పోతుంది. ఫిల్ములు, రిపోర్టుతో పాటు సీడీ తప్పక తీసుకోండి. సర్జన్ ఫిల్ము చూసి నిర్ణయించడు. సీడీని కంప్యూటర్లో వేసి, మెదడు చుట్టూ తెల్లగా కనిపించే నీటి మధ్యలో బూడిదరంగు గీతలా సాగే నరాన్ని, దానికి అడ్డంగా వచ్చే నల్లటి నాళాన్ని ఒక్కొక్క ముక్కా జరుపుతూ చూస్తాడు. ఆ సమయంలో రోగి బంధువు పక్కనే ఉండి, "ఏ నాళం, ఏ చోట, నరం వంగిందా లేక ఊరికే తగిలిందా" అని అడగడంలో తప్పు లేదు. నరం వంగి, సన్నబడి ఉంటే ఆపరేషన్ ఫలిస్తుందన్న ఆశ ఎక్కువ.

అయిదో నరం దగ్గర సాధారణంగా దొరికేది సుపీరియర్ సెరెబెల్లార్ ధమని, ఏడో నరం దగ్గర ఆంటీరియర్ లేదా పోస్టీరియర్ ఇన్ఫీరియర్ సెరెబెల్లార్ ధమని. కొందరిలో ధమనికి బదులు సిర ఉంటుంది. గడ్డ గానీ, నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బు గానీ లేవని కూడా ఇదే స్కాన్ నిర్ధారిస్తుంది. చిన్న వయసులో నొప్పి మొదలైనవారికి ఆ సంగతి ముఖ్యం.

ఆపరేషన్‌కు ముందు

సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు ఆసుపత్రి భవనం చూసి కాకుండా, ఈ ఒక్క ఆపరేషన్‌ను ఆయన ఎంత తరచుగా చేస్తారో, అందులో వినికిడి పోయినవారు ఎందరో, మెదడు చుట్టూ ఉండే నీరు బయటికి కారినవారు ఎందరో సూటిగా అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. ఆపరేషన్ సమయంలో వినికిడి నరాన్ని, ముఖం నరాన్ని గమనించే మానిటరింగ్ ఉందా అన్నది రెండో ప్రశ్న. భాష గురించి బెంగపడనవసరం లేదు. బెంగళూరు ఆసుపత్రుల్లో తెలుగు మాట్లాడే నర్సులు, వైద్యులు దాదాపు ప్రతి చోటా ఉంటారు. అయితే అంగీకార పత్రాన్ని మాత్రం తెలుగులో వివరించమని అడిగి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

ఖర్చు విషయంలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు, తమ కార్డు ఆ బెంగళూరు ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు చెల్లుతుందా అని చేరకముందే ఆసుపత్రి కౌంటర్‌లోనూ, పథకం హెల్ప్‌లైన్‌లోనూ అడిగి తేల్చుకోవాలి. డెబ్బై ఏళ్ళు నిండినవారికి 2024 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా రక్షణ ఉంది.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తాన్ని పలచన చేసే మందులు ఎన్ని రోజుల ముందు ఆపాలో అనస్థీషియా వైద్యుడు, గుండె వైద్యుడు కలిసి చెప్పాలి. సొంతంగా ఆపకూడదు, చెప్పకుండా కొనసాగించనూ కూడదు. నాటు మందులు వాడుతుంటే మొహమాటపడకుండా చెప్పాలి. వినికిడి పరీక్ష ముందే చేయించుకుంటే, తర్వాత ఏదైనా తేడా వచ్చిందా అని పోల్చి చూడటానికి వీలవుతుంది.

ఆపరేషన్ గదిలో జరిగేది

నరాన్ని నాళం నొక్కడమే నొప్పికి కారణమని 1930లలోనే అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ గమనించినా, ఆపరేషన్ మైక్రోస్కోపు సాయంతో దాన్ని స్థిరమైన చికిత్సగా 1960ల చివరి నుంచి నిలబెట్టినవాడు పీటర్ జానెట్టా. ఇప్పటికీ పద్ధతి చాలావరకు అదే. పూర్తి మత్తు ఇచ్చి, రోగిని పక్కకు పడుకోబెట్టి, తల కదలకుండా పిన్నులతో బిగిస్తారు. చెవి వెనక కొద్దిపాటి జుట్టు మాత్రమే తీసి, చర్మం కోసి, ఎముకలో సుమారు మూడు సెంటీమీటర్ల రంధ్రం చేస్తారు. మెదడు పొర తెరిచి నీటిని నెమ్మదిగా వదిలితే చిన్నమెదడు దానంతట అదే కిందికి జారి దారి ఇస్తుంది. దాన్ని బలంగా లాగనవసరం రాకపోవడమే నైపుణ్యం. తర్వాత నరం చుట్టూ సాలెగూడులా ఉన్న పలచటి పొరను కత్తిరించి, నరం మెదడు కాండం నుంచి బయటపడే చోటును మొత్తం చూస్తారు. నాళాన్ని కొయ్యరు, కట్టరు. దాన్ని సున్నితంగా పక్కకు జరిపి, టెఫ్లాన్ ముక్కను పింజలుగా చీల్చి నాళానికీ నరానికీ మధ్యలో ఇరికిస్తారు. ఒక నాళం దొరికింది కదా అని ఆగకుండా నరం చుట్టూ వెతకడం ముఖ్యం, రెండో నాళం దాగి ఉంటే జబ్బు తిరిగి వస్తుంది. ముఖం అదురు ఆపరేషన్‌లో నాళం జరిగిన మరుక్షణమే మానిటర్ మీద అసహజ తరంగం ఆగిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. అది సర్జన్‌కు మంచి సూచన. మొత్తం పని రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది.

ఫలితం గురించి నిజం తెలిసి ఉండాలి. అయిదో నరం నొప్పికి ఆపరేషన్ చేయించుకున్నవారిలో పదేళ్ళ తర్వాత కూడా సుమారు 70 శాతం మంది మందుల్లేకుండా నొప్పి లేకుండా ఉన్నట్టు జానెట్టా బృందం 1996లో ప్రచురించింది. ముఖం అదురులో పదిమందిలో ఎనిమిది, తొమ్మిదిమందికి గుణం కనిపిస్తుంది. అయితే కొందరిలో అదురు పూర్తిగా పోవడానికి వారాలు, నెలలు పడుతుంది కనుక మర్నాడు పొద్దున అదురు కనిపిస్తే కుంగిపోనవసరం లేదు. నష్టాల్లో ముఖ్యమైనవి ఆ పక్క వినికిడి తగ్గడం, ముఖం బలహీనపడటం, మెదడు నీరు కారడం, మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకే మెనింజైటిస్, అరుదుగా పక్షవాతం. ప్రాణాపాయం అనుభవం ఉన్న చోట ఒక శాతం కన్నా తక్కువ. అయిదో నరం నొప్పికి గామా నైఫ్ అనే రేడియేషన్ పద్ధతి కూడా ఉంది, కోత లేనిది. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, ముఖం మొద్దుబారే అవకాశం ఉంటుంది.

ఇంటికి వచ్చాక

మొదటి రాత్రి ఐసీయూలో ఉంచుతారు. తలనొప్పి, వాంతులు, తల తిరగడం రెండు మూడు రోజులు మామూలే. అంతా సవ్యంగా ఉంటే నాలుగైదు రోజుల్లో పంపుతారు. ఊరు దూరమైనవారు కుట్లు తీసే దాకా బెంగళూరులోనే బంధువుల ఇంట్లోనో అద్దె గదిలోనో ఉండటం మంచిదని నా గట్టి సలహా, ఎందుకంటే ప్రమాదాలు ఎక్కువగా ఈ పది రోజుల్లోనే వస్తాయి. కుట్టు దగ్గర దిండు తడిసినా, ముందుకు వంగితే ముక్కులోంచి నీళ్ళలాంటి ద్రవం కారినా, దాన్ని జలుబు అనుకోకండి. చెవి వెనక ఎముక గదుల గుండా మెదడు నీరు ముక్కులోకి రావచ్చు. జ్వరంతో మెడ పట్టేసినా, మనిషి మగతగా ఉన్నా, మాట తడబడినా రాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడు వారాల మధ్య కొందరికి ఉన్నట్టుండి మూతి వంకర వస్తుంది. ఇది సాధారణంగా తగ్గిపోయేదే, కానీ వైద్యుడికి చూపించి మందు తీసుకోవాలి, కన్ను మూసుకోని ఆ రోజుల్లో కంటిని కాపాడుకోవాలి. పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి జెల్ వేసి రెప్పను టేపుతో అంటించడం చాలు. నొప్పి పోయింది కదా అని కార్బమజెపిన్‌ను ఒక్కసారిగా మానకూడదు, వారాల మీద తగ్గిస్తూ రావాలి. నెల నుంచి నెలన్నర దాకా బరువులెత్తడం, మోటారు సైకిలు నడపడం వద్దు. తుమ్మేటప్పుడు నోరు తెరిచి తుమ్మాలి, మలబద్ధకం రాకుండా చూసుకోవాలి.

కంటి నరాలు దెబ్బతిన్నవారికి కోలుకునే సమయంలో వస్తువులు రెండుగా కనిపించడం పెద్ద బాధ. ఒక కంటికి గంత కట్టుకుంటే ఆ బాధ వెంటనే తగ్గుతుంది, మెట్లు దిగేటప్పుడు తోడు కావాలి. ఆరు నెలలు దాటి, కొలతలు రెండు మూడు పరీక్షల్లో మారకుండా నిలకడగా ఉంటేనే మెల్లకన్ను ఆపరేషన్ గురించి అడగాలి. నరం ఇంకా కోలుకుంటుండగా కంటి కండరాన్ని సరిచేస్తే, తర్వాత నరం తేరుకున్నప్పుడు కన్ను అవతలి వైపుకు పోతుంది. ఆ కొలతలు తీయించుకోవడానికి చామరాజపేట దగ్గరి మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రికి గానీ, మెల్లకన్ను విభాగం ఉన్న మరే ఆసుపత్రికి గానీ వెళ్ళేటప్పుడు, న్యూరోసర్జన్ ఇచ్చిన డిశ్చార్జి పత్రాన్ని, పాత కొలతల కాగితాలను తేదీల వరుసలో తీసుకెళ్ళండి.